చంద్రపూర్ కోట: గైడుతో ఒక్కరోజు యాత్ర ఎలా?

కాగజ్‌నగర్ వైపు నుండి వచ్చేవారు బల్లార్షాలో దిగితే, అక్కడికి సుమారు 15 కిలోమీటర్ల దూరంలో, మహారాష్ట్రలో ఉన్న చంద్రపూర్‌కు ఉదయం ఎనిమిదింటికల్లా చేరుకునేలా బయలుదేరాలి. ఏప్రిల్, మే నెలల ఎండలో మాత్రం ఈ యాత్ర పెట్టుకోకపోవడమే మంచిది.

గైడును మాట్లాడుకునేటప్పుడే రుసుము, ఆటో కిరాయి, చూపించే చోట్లు తేల్చుకోవాలి. తెలుగువారు చాలామంది స్థిరపడిన ఊరు కనుక, "తెలుగు వస్తుందా అండీ?" అని అడగడానికి మొహమాటం అక్కరలేదు.

గోండు రాజుల కోటకు జట్‌పురా, అంచలేశ్వర్, పఠాన్‌పురా, బింబా అని నాలుగు ద్వారాలు, ఖిడ్కీలనే ఐదు చిన్న దారులు ఉన్నాయి. జట్‌పురా దగ్గర ఆటో దిగి తలెత్తి చూస్తే, ఏనుగును అణచిపట్టిన సింహం బొమ్మ, అంటే గోండుల రాజచిహ్నం, రాతిలో కనిపిస్తుంది. అంచలేశ్వర ఆలయం పక్కనే రాణి హిరాయి తన భర్త, గోండు రాజు బీర్‌షాకు కట్టించిన సమాధి ఉంది. ఇక్కడ తొందరపడకుండా కనీసం అరగంట గడపాలి. మహాకాళి గుడి దగ్గరే. చైత్ర జాతర రోజుల్లో అక్కడ అడుగు పెట్టే సందు ఉండదు.

చాలామంది గైడులు వదిలేసే, ఊళ్లోనే ఉన్న లాల్‌పేట్‌ను తప్పక అడిగి చూడాలి. రాయప్ప కోమటి చెక్కించాడని చెప్పే భారీ విగ్రహాలు అక్కడ అసంపూర్తిగా ఆరుబయట ఉన్నాయి. వాటిలో పదితలల దుర్గ విగ్రహాన్ని ఊరివారు రావణుడంటారు.