కూల్ డ్రింక్, చిప్స్ మానేశాక వచ్చే తంటాలు: ఏది దేనివల్ల, ఏం చేయాలి

కూల్ డ్రింకూ చిప్సూ మానేద్దామని మొదలుపెట్టి, మూడు నాలుగు రోజులకే మళ్ళీ ప్యాకెట్ విప్పినవాళ్ళను చూసి "విల్‌పవర్ లేదు" అని తేల్చేస్తారు. చాలాసార్లు అసలు సంగతి అది కాదు. కెఫీన్ అందక తల బద్దలవుతున్నవాళ్ళకీ, ఒట్టి దాహంతో ఉన్నవాళ్ళకీ, సాయంత్రం ఏమీ తోచనివాళ్ళకీ అనిపించేది ఒకటే, ఒక కూల్ డ్రింక్ పడితే బాగుండునని. ముగ్గురికీ మందు మాత్రం ఒకటి కాదు. కిందవాటిలో మీ సమస్య ఏదో చూసుకుని మిగతావి వదిలేయండి.

మర్నాటి నుంచే తలనొప్పి, చిరాకు, మత్తుగా ఉండటం

మీరు తాగేది కోలా రకమో ఎనర్జీ డ్రింకో అయితే ముందు కెఫీన్‌ను అనుమానించండి. 355 మిల్లీలీటర్ల కోలా డబ్బాలో సుమారు 35 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది. కొన్ని డైట్ కోలాల్లో ఇంకాస్త ఎక్కువే. ఇది కాఫీ కంటే తక్కువే అయినా, రోజుకు 100 మిల్లీగ్రాములు అలవాటైన ఒంటికి కూడా అది ఆగిపోతే తెలుస్తుంది. మెదడులో నిద్రమత్తు తెచ్చే అడినోసిన్ అనే పదార్థాన్ని కెఫీన్ అడ్డుకుంటూ ఉంటుంది. ఆ అడ్డు ఒక్కసారిగా తొలగితే రక్తనాళాలు వెడల్పయి తల పోటెత్తుతుంది.

మానేసిన 12 నుంచి 24 గంటల్లో మొదలై, ఒకటి రెండు రోజులకు ముదిరి, ఎక్కువలో ఎక్కువ 9 రోజుల్లో సర్దుకుంటుంది. ఎప్పటికి తగ్గుతుందో తెలిస్తే సగం టెన్షన్ పోతుంది. అంత ఓపిక లేనివాళ్ళు ఒకేసారి మానకుండా, వారం పదిరోజుల్లో రోజుకు కాస్త కాస్త తగ్గించుకుంటూ రావచ్చు. లేదా ఆ కొన్నాళ్ళూ చక్కెర లేని టీ కొద్దిగా తాగవచ్చు. తలనొప్పి మాత్ర వేసుకుంటే స్ట్రిప్ మీద ఏముందో చదవండి. కొన్నిట్లో కెఫీన్ కలుపుతారు.

మీరు తాగేది కెఫీన్ లేని నిమ్మ, నారింజ రకమైతే ఈ లెక్క వర్తించదు. కూల్ డ్రింక్ మానేసి దాని బదులు నీళ్ళు కూడా తాగడం లేదేమో చూసుకోండి. ఇది తరచుగా జరిగే పొరపాటే.

నీళ్ళు తాగినా తాగినట్టు ఉండదు

మీకు కావలసింది తీపి కాకపోవచ్చు. గొంతులో ఆ చురుక్కుమనే మంట కావచ్చు. గ్యాస్ నోట్లో కార్బోనిక్ ఆమ్లంగా మారి, నొప్పిని పట్టే నరాలనే కాస్త గిల్లుతుంది. చప్పటి నీళ్ళలో అది ఉండదు కాబట్టి ఏదో వెలితి. చక్కెర లేని ఉత్త సోడాను బాగా చల్లబరిచి, నాలుగు చుక్కలు నిమ్మరసం పిండి తాగి చూడండి. దాంతో సరిపోతే మీ సమస్య అక్కడికే తీరినట్టు. సరిపోకపోతే మీది తీపి అలవాటు. 355 మిల్లీలీటర్ల కోలాలో సుమారు 39 గ్రాముల చక్కెర ఉంటుంది. విడిగా కలిపే చక్కెర రోజుకు 25 గ్రాముల లోపు ఉంటే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ తీపికి అలవాటైన నాలుకకు పండు కూడా మొదట్లో చప్పగానే ఉంటుంది. తీపి కాస్త కాస్త తగ్గించుకుంటూ పోవడం తప్ప దగ్గరి దారి లేదు.

డైట్ డ్రింక్ పట్టుకోవచ్చా? కొన్ని వారాల ఆసరాగా అయితే నాకు అభ్యంతరం లేదు. శాశ్వతంగా మాత్రం వద్దంటాను. డైట్ డ్రింకుల్లో చక్కెర బదులు వేసే తీపి పదార్థాలను బరువు తగ్గడానికి నమ్ముకోవద్దని 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా సూచించింది. పైగా ఆమ్లం అలాగే ఉంటుంది, పంటి ఎనామిల్‌కు అది పడదు. నిమ్మ పిండిన సోడాకైనా ఇదే మాట, రోజంతా గుటక గుటకగా చప్పరిస్తూ కూర్చోకండి.

చిప్స్ తింటే డ్రింక్ కావాలి, డ్రింక్ ఉంటే చిప్స్ కావాలి

ఉప్పు ఒంట్లోకి వెళ్ళి రక్తంలో సోడియం పెరగగానే మెదడు నీళ్ళు అడుగుతుంది. ఆ సమయానికి చేతిలో కూల్ డ్రింక్ ఉంటే దాహం దాంతోనే తీరుతుంది. ఇలా కొన్నేళ్ళు గడిచేసరికి దాహానికి మారుపేరే కూల్ డ్రింక్ అయి కూర్చుంటుంది. ఈ జోడీని విడదీయకుండా రెంటితోనూ ఒకేసారి పోరాడటం కష్టం. నన్నడిగితే ముందు డ్రింక్ మానమంటాను. దాని బాధ ఎక్కువగా ఒకటి రెండు వారాల్లో ముగుస్తుంది. ఉప్పు సంగతి అలా కాదు, నెలల వ్యవహారం. అందాకా చిప్స్ తినాలనిపిస్తే, ముందు ఒక గ్లాసు నీళ్ళు తాగి ఆ తర్వాతే ప్యాకెట్ చించండి.

రెండు తిని ఆపుదామంటే ప్యాకెట్ ఖాళీ అయిపోతోంది

చివర్లో చెయ్యి అడుగుదాకా పెట్టి, మూలల్లో చేరిన పొడినీ ఉప్పునీ వేలితో అద్దుకుని నాకుతామే, అప్పటికి ఆకలి పోయి చాలాసేపయి ఉంటుంది. ఉప్పు, కొవ్వు, కరకర మూడూ కలిసిన తిండి తినేకొద్దీ తినిపిస్తుంది. ప్యాకెట్‌లోంచి తింటే ఎంత తిన్నామో కంటికి ఆనదు కూడా. గిన్నెలో కొంచెం పోసుకుని, ప్యాకెట్‌ను మడిచి వేరే గదిలో పెట్టి వచ్చి తినండి. మళ్ళీ లేచి వెళ్ళడానికి బద్ధకం, అది ఇక్కడ మనకు కలిసొస్తుంది.

లేబుల్ మీద సోడియం అంకె చిన్నగా కనిపించి మోసం చేస్తుంది. అది చాలాసార్లు ఒక వడ్డనకు, అంటే సుమారు 30 గ్రాములకు రాసిన లెక్క. ఉదాహరణకు ఒక వడ్డనకు 170 మిల్లీగ్రాములు అని ఉండి, ప్యాకెట్ 150 గ్రాములైతే, ఐదు వడ్డనలకు 850. దాన్ని రెండున్నరతో గుణిస్తే ఉప్పు లెక్క వస్తుంది, అంటే 2 గ్రాముల పైమాటే. పెద్దవాళ్ళకు రోజు మొత్తానికి ఉండాల్సింది 5 గ్రాముల లోపు.

కరకర కోసమే అయితే కీరా, క్యారెట్, ఉప్పు లేని పాప్‌కార్న్, ఉప్పు వేయకుండా వేయించిన పల్లీలు, బాదం ఉన్నాయి. క్యారెట్ ముక్క చిప్స్‌కు సాటి అని నేను అనను. నోటికి నమలడానికి పని దొరుకుతుంది, అంతే.

చిరుతిళ్ళు తగ్గించాక ఇంటి తిండి చప్పగా ఉంది

నాలుక ఇంకా పాత మోతాదుకే అలవాటుపడి ఉంది. రెండు మూడు నెలలు తక్కువ ఉప్పు తింటే అదే సర్దుకుంటుంది, అప్పుడు పాత చిప్సే ఉప్పు కషాయంలా అనిపిస్తాయి. అందాకా పులుపు, మిరియాలు, వెల్లుల్లి పెంచండి. మార్కెట్లో దొరికే తక్కువ సోడియం ఉప్పులో సాధారణంగా పొటాషియం ఉంటుంది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళూ, కొన్ని రకాల బీపీ మందులు వాడేవాళ్ళూ డాక్టర్‌ను అడక్కుండా అది వాడకూడదు.

మొదటి వారం బరువు తగ్గి, తర్వాత ఆగిపోయింది

తగ్గింది చాలావరకు ఉప్పు పట్టి ఉంచిన నీరు. కంగారు పడకండి.

సాయంత్రం అయ్యేసరికి నాలుక పీకుతోంది

మధ్యాహ్నం ఏం తిన్నారో, రాత్రి ఎన్ని గంటలు పడుకున్నారో ముందు చూడండి. నిద్ర చాలకపోతే ఆకలి పుట్టించే గ్రెలిన్ పెరిగి, కడుపు నిండిందని చెప్పే లెప్టిన్ తగ్గుతుందని కొన్ని ప్రయోగాల్లో తేలింది. అలాంటి రోజున నోరు కట్టుకోవడం ఎవరికైనా కష్టమే. ఒక చిన్న పరీక్ష ఉంది. ఇప్పుడు ఎవరైనా ఆపిల్ ఇస్తే తింటారా? తింటానంటే అది ఆకలి, ఏదైనా తినండి. ఆపిల్ వద్దు, చిప్సే కావాలంటే కింది భాగం చదవండి.

ఆకలి లేదు, దాహం లేదు, అయినా కావాలి

ఇది అలవాటు. టీవీ పెట్టగానే, ఆఫీసులో చీవాట్లు తినగానే, డబ్బా మూత తీసిన చప్పుడు వినగానే మొదలవుతుంది. వద్దు వద్దనుకుంటే ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. వ్యసనాల మీద పనిచేసిన అమెరికన్ మనస్తత్వవేత్త అలన్ మార్లాట్ దీన్ని అలతో పోల్చారు. లేచి, ఎత్తుకెళ్ళి, దానంతటదే విరిగిపోతుంది. మనం దానితో కుస్తీ పట్టక్కర్లేదు. సాధారణంగా పావుగంట, ఇరవై నిమిషాల్లో ఊపు తగ్గుతుంది. ఆ కాసేపూ నోట్లో నీరు ఊరుతోందా, చేతులు ఊరికే ఉండలేకపోతున్నాయా అని గమనిస్తూ ఉండండి. లేదా లేచి నాలుగు అడుగులు వేయండి, ఎవరికైనా ఫోన్ చేయండి. ఇంట్లో సరుకు లేకుండా చూసుకోవడం వీటన్నిటికంటే తేలిక. ఇంట్లో మిగతావాళ్ళు తింటారంటే, కనీసం మూత ఉన్న డబ్బాలో పై అరలో పెట్టించండి.

డాక్టర్ దగ్గరికి ఎప్పుడు

ఉప్పు మీద ఎన్నడూ లేనంత యావ పుట్టి, దాంతోపాటు నీరసం, బరువు తగ్గడం, లేవగానే కళ్ళు తిరగడం, చర్మం నల్లబడటం ఉంటే కిడ్నీల మీద ఉండే అడ్రినల్ గ్రంథుల జబ్బు కావచ్చు. ఎంత తాగినా తీరని దాహం, మాటిమాటికీ మూత్రం వస్తుంటే షుగర్ పరీక్ష చేయించుకోవాలి. లిథియం మాత్రలు వాడేవాళ్ళు ఉప్పును ఉన్నపళంగా తగ్గించకూడదు, రక్తంలో ఆ మందు మోతాదు పెరిగిపోతుంది.

ఇన్సులిన్ తీసుకునేవాళ్ళు రోజూ తాగే కూల్ డ్రింక్ మానేముందు మోతాదు గురించి డాక్టర్‌తో మాట్లాడాలి. షుగర్ పడిపోయినప్పటి కోసం ఇంట్లో ఒక చిన్న సీసా ఉంచుకోవచ్చు. దానిలోంచి 150 మిల్లీలీటర్లు తాగితే 15 గ్రాముల పైచిలుకు చక్కెర అందుతుంది. డైట్ రకం అందుకు పనికిరాదు.