బ్యాంకులో ఉందని కంపెనీ చూపిన డబ్బు నిజంగా ఉందో లేదో ఆడిటర్ తేల్చుకోవడం ఎలా?

ఈ తనిఖీకి కావలసినవి: కంపెనీ లెటర్‌హెడ్, ఖాతాల జాబితా, స్పీడ్ పోస్ట్ కవర్లు. అంతే.

1. జాబితాలో మార్చి 31 నాటి ఖాతాలతో పాటు ఆ ఏడాది మూసేసినవీ, నిల్వ సున్నాగా ఉన్నవీ చేర్చండి. నిల్వ లేని ఖాతా మీద కూడా అప్పు ఉండొచ్చు.

2. బ్రాంచికో ఉత్తరం. కరెంట్ ఖాతా, ఎఫ్‌డీలు, వాటి మీద లియెన్ (అప్పుకు హామీగా బ్యాంకు పెట్టుకున్న హక్కు), అప్పులు, గ్యారంటీలు అన్నీ అడగాలి. పుస్తకాల్లోని అంకె మీరు రాయొద్దు, ఖాళీ వదిలితే బ్యాంకే నింపుతుంది. కంపెనీ తరఫున అధికారం ఉన్నవాళ్లే సంతకం పెట్టాలి.

3. ఇక పంపడం. పని చెడేది ఇక్కడే. "ఇవ్వండి సార్, మావాడు బ్యాంకుకే వెళ్తున్నాడు" అంటారు అకౌంటెంట్లు. ఇచ్చారా, ఆడిట్ చెడిపోయినట్టే. సంతకాలయ్యాక ఆ కాగితం మళ్లీ కంపెనీ చేతికి వెళ్లకూడదు. బ్రాంచి చిరునామా బ్యాంకు సైట్‌లో మీరే వెతకండి. పోస్టులో మీరే వేయండి. జవాబు మీ ఆఫీసుకే రావాలి. కంపెనీవాళ్లు ఫార్వర్డ్ చేసిన పీడీఎఫ్ జవాబు కాదు. మెయిల్‌లో వస్తే @ తర్వాతి పేరు అక్షరం అక్షరం చూసి, బ్రాంచికి ఫోన్ చేయండి. ఆ నంబరు కూడా ఉత్తరం మీద ఉన్నది కాదు, మీరు వెతికిందే.

చాదస్తం అనుకునేవాళ్లు సత్యం కంప్యూటర్స్ కథ గుర్తుచేసుకోవాలి. పుస్తకాల్లోని 5,361 కోట్ల రూపాయల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు లేనే లేవని 2009 జనవరి 7న ఆ కంపెనీ ఛైర్మన్ రామలింగరాజే లేఖ రాశారు. ఉత్తరాలు పంపడం, జవాబులు తెప్పించడం ఆడిటర్లు కంపెనీకే వదిలేశారని 2011లో అమెరికా స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ తప్పుపట్టింది. బ్యాంకు స్టేట్‌మెంట్ చూస్తే చాలదా అని ఇప్పటికీ అడుగుతారు. ఆ స్టేట్‌మెంట్ ఇచ్చేదీ కంపెనీయే కదా!

4. వడ్డీ లెక్క కట్టండి. 100 కోట్ల ఎఫ్‌డీకి 7 శాతం చొప్పున ఏడాదికి 7 కోట్లు. 10 శాతం టీడీఎస్ (బ్యాంకు ముందే కోసి కట్టే పన్ను) అంటే 70 లక్షలు, కంపెనీ పాన్ మీద ఆదాయపన్ను రికార్డులో కనిపించాలి. లేకపోతే ఎఫ్‌డీనే అనుమానించాలి. లేకున్నా ఉన్నట్టు చూపిన వడ్డీ కూడా 376 కోట్లని రాజు లేఖలోనే ఉంది.

5. పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే రెండో ఉత్తరం. దానికీ రాకపోతే మీ మనిషే బ్రాంచికి వెళ్లాలి, కంపెనీ కారులో కాదు.