పిల్లల డాక్టరు క్వాలిటీ బాధ్యతల్లోకి వెళ్లాలంటే

ఎం.డి. పీడియాట్రిక్స్ అయి, బెంగళూరులో నాలుగైదేళ్లుగా కన్సల్టెంట్‌గా ఉన్నవారికి ఆసుపత్రి క్వాలిటీ (చికిత్సలో లోపాలు తగ్గించే పని) వైపు మనసు మళ్లగానే ముందు ఏదో ఒక కోర్సులో చేరిపోతారు. కోర్సు తర్వాత. ముందు మీ వార్డులోనే ఒక చిన్న లోపాన్ని పట్టుకుని, సరిచేసి, అంకెల్లో చూపించండి. సర్టిఫికెట్లు అందరి ఫైల్లోనూ ఉంటాయి. పూర్తయిన ప్రాజెక్టు ఉన్నవాళ్లు తక్కువ.

ఇక్కడి తెలుగు డాక్టర్లకు చేతికందే సమస్య ఒకటుంది: ఇంటికెళ్లాక వేసే మందు కొలత. అనంతపురం, హిందూపురం, మదనపల్లె నుంచి పిల్లల్ని తీసుకొస్తారు. డిశ్చార్జ్ సమ్మరీ ఇంగ్లీషులో ఉంటుంది, చెప్పే సిస్టర్‌ది మలయాళమో కన్నడమో, వినే తల్లిది తెలుగు. 10 కిలోల బిడ్డకు కిలోకి 15 మిల్లీగ్రాముల చొప్పున పారాసెటమాల్ 150 మిల్లీగ్రాములు కావాలి. 100 మి.గ్రా./మి.లీ. డ్రాప్స్ అయితే 1.5 మి.లీ., 250/5 (5 మి.లీ.లో 250 మి.గ్రా.) సిరప్ అయితే 3 మి.లీ., 125/5 అయితే 6. చీటీలో ‘6 మి.లీ.’ అని మాత్రమే రాసి మందు బలం (మి.లీ.కి ఎన్ని మి.గ్రా.) రాయకపోతే, ఊళ్లో మందుల షాపువాడు 250 సీసా ఇస్తే డోసు రెట్టింపు. అదే డ్రాప్స్ సీసా చేతికొస్తే నాలుగు రెట్లు.

కొలవడం ఇలా. డిశ్చార్జ్ రోజున తల్లి చేతికి మందు, సిరంజి ఇచ్చి, ఏమీ చెప్పకుండా డోసు తీసి చూపించమనండి. పది శాతం అటూ ఇటూ ఉంటే సరైనట్టే. వారానికి రెండు విడతలు, విడతకు వరసగా 10 డిశ్చార్జ్‌లు, నచ్చినవాళ్లను ఏరుకోకూడదు. మూడు వారాలు కొలిచాకే మార్పు మొదలుపెట్టాలి. నేర్పిన సిస్టరే పరీక్ష పెడితే ఎప్పుడూ 95 శాతమే వస్తుంది, కాబట్టి కొలిచే పని పక్క వార్డువాళ్లకో ఇంటర్న్‌కో అప్పగించండి.

ఎయిమ్స్ ఢిల్లీ, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి రూపొందించిన పీఓసీక్యూఐ (పాయింట్ ఆఫ్ కేర్ క్వాలిటీ ఇంప్రూవ్‌మెంట్) పద్ధతిలో నాలుగు అడుగులున్నాయి: సమస్యను ఎంచుకుని టీమ్ కట్టడం, కారణాలు వెతికి కొలవడం, మార్పులు పరీక్షించడం, నిలబెట్టడం. టీమ్‌లో నర్సింగ్ ఇన్‌చార్జ్, ఫార్మసిస్టు, ఒక డ్యూటీ డాక్టర్ తప్పనిసరి. కన్సల్టెంట్లు ఒకరు చాలు. మార్పును ఒకే షిఫ్టులో, ఒకే సిస్టర్‌తో, ఒకే బిడ్డ దగ్గర మొదలుపెట్టండి: నోటి మందు సిరంజి మీద మార్కర్‌తో గీత, చీటీలో మి.లీ.తో పాటు సీసా బలం, తెలుగులో ఒక వాక్యం. ఇంజెక్షన్ సిరంజి మాత్రం వాడొద్దు, నోటి మందు ఐవీ లైన్‌లోకి వెళ్లే ప్రమాదం ఉంది.

విడతకు ఎంతమంది సరిగ్గా తీశారో ఆ ఫలితాన్ని రన్ చార్టులో, అంటే కాలక్రమంలో చుక్కలు పెట్టే గ్రాఫులో, గీయండి. మధ్యగత (మీడియన్) రేఖకు ఒకే పక్కన వరసగా 6 చుక్కలు పడితే మార్పు నిజం. ఒక మంచి వారాన్ని చూసి పండగ చేసుకోవద్దు. నాలుగో అడుగులోనే చాలా ప్రాజెక్టులు చచ్చిపోతాయి. కారణం మామూలుగా నిర్లక్ష్యం కాదు, సిరంజిల స్టాక్ అయిపోవడం. అందుకే వాటిని ఫార్మసీ ఇండెంట్‌లో శాశ్వతంగా చేర్పించండి.

ఆ చార్టు పట్టుకుని ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ కమిటీలోనో మందుల వాడకం చూసే ఫార్మకోథెరప్యూటిక్స్ కమిటీలోనో చోటు అడగండి. పెద్దవాళ్ల విభాగాల లెక్కలు పిల్లలకు యథాతథంగా అతకవని అక్కడ చెప్పాల్సింది మీరే. సెంట్రల్ లైన్ (పెద్ద రక్తనాళంలో పెట్టే గొట్టం) ఇన్‌ఫెక్షన్లను 1000 లైన్ రోజులకు ఇన్ని అని లెక్కిస్తారు; ఒక బిడ్డకు లైన్ ఉన్న ఒక్కో రోజు ఒక లైన్ రోజు. నెలకు 50 లైన్ రోజులే ఉన్న చిన్న ఎన్‌ఐసీయూ (నవజాత శిశువుల ఐసీయూ)లో ఒక్క కేసు వస్తే రేటు సున్నా నుంచి 20కి ఎగురుతుంది. అలాంటిచోట రెండు ఇన్‌ఫెక్షన్ల మధ్య ఎన్ని రోజులు గడిచాయో చూపించడం మేలు.

పొరపాట్ల రిపోర్టింగ్ మీ చేతికొస్తే మొదటి నెలల్లో రిపోర్టులు పెరుగుతాయి, పెరగాలి కూడా. ఇది మెడికల్ డైరెక్టర్‌కు ముందే చెప్పకపోతే మీరొచ్చాక తప్పులు ఎక్కువయ్యాయని అనుకుంటారు. మొదటి రిపోర్టు రాసిన సిస్టర్‌కు మెమో వెళ్లిందా, రెండోది ఇక రాదు.

ఇప్పుడు కోర్సులు. ప్రైవేటులో ఉంటే ఎన్‌ఏబీహెచ్ (ఆసుపత్రులకు గుర్తింపు ఇచ్చే జాతీయ బోర్డు) ప్రమాణాల శిక్షణ పనికొస్తుంది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో 12 ఏళ్లలోపు పిల్లల సేవల కోసం 2021లో ‘ముస్కాన్’ అనే క్వాలిటీ కార్యక్రమం మొదలైంది. ప్రైవేటువాళ్లు కూడా దాని చెక్‌లిస్టు చదవడం మంచిది. ఆంధ్ర, తెలంగాణ కౌన్సిళ్ల రిజిస్ట్రేషన్‌తో కొత్తగా వచ్చేవారు ఎన్‌ఓసీ తెచ్చుకుని కర్ణాటక మెడికల్ కౌన్సిల్‌లో ముందే నమోదు చేసుకోండి. అందరి క్రెడెన్షియల్స్ (అర్హతల పత్రాలు) చూడాల్సిన మనిషి ఫైలే పెండింగ్‌లో ఉంటే బాగుండదు.

పదవి ఇస్తామన్నప్పుడు అసలు బేరం సమయం మీదే. ఓపీ లేని రెండు అరపూటలు, డేటా చూసే ఒక మనిషి, నేరుగా మెడికల్ డైరెక్టర్‌కు రిపోర్ట్ చేసే వీలు: మూడూ నియామకపత్రంలో రాయించుకోండి. పేషెంటుకు ఇంత అనే ఒప్పందంలో ఉన్నవారు కమిటీ గంటలకు స్థిరమైన భత్యం అడగాలి, లేదంటే ప్రతి మీటింగ్ జేబుకు చిల్లే. ఓపీ, రౌండ్లు మాత్రం పూర్తిగా వదలకండి. పిల్లల్ని చూడడం మానేసిన డాక్టరు మాట వార్డులో ఎవరూ వినరు.