విదేశీ పన్నుకి క్రెడిట్ రాకుండా డిమాండ్ వచ్చిందా? ఇవి వరసగా చూడండి

సమస్య: మీరు భారత్‌లో రెసిడెంట్. అమెరికా షేర్ల డివిడెండ్ మీద అక్కడే పన్ను పట్టుకున్నారు. ఇక్కడి రిటర్నులో సెక్షన్ 90 (పన్ను ఒప్పందం ఉన్న దేశాలకి వర్తించేది) కింద రిలీఫ్, అంటే అక్కడ పోయిన పన్నుకి ఇక్కడ తగ్గింపు, అడిగారు. రిటర్న్ ప్రాసెస్ చేశాక శాఖ పంపే 143(1) ఇంటిమేషన్‌లో మాత్రం మీరు రాసిన అంకె పక్కన సున్నా ఉంది, కింద వడ్డీతో సహా డిమాండ్ ఉంది. (ఇక్కడి నియమాలన్నీ 1961 చట్టానివి, అంటే 2025-26 ఆర్థిక సంవత్సరం ఆదాయం వరకు.)

ముందుగా ఫారం 67 (విదేశీ పన్ను క్రెడిట్ కోసం వేసే ఫారం) చూడండి. దయచేసి ఇది దాటేసి మిగతావి వెతకొద్దు. పోర్టల్‌లో ఫైల్ చేసిన ఫారాల జాబితా తెరిచి, అది డ్రాఫ్ట్‌లో ఆగిపోయిందా, ఈ-వెరిఫై అయిందా చూడండి. రిటర్న్ వెరిఫై చేస్తే ఫారం 67 వెరిఫై అయిపోదు, దానికి విడిగా చేయాలి. 2022 సవరణ తర్వాత, రిటర్న్ గడువులో గానీ ఆలస్యంగా గానీ వేసి ఉంటే, ఈ ఫారానికి అసెస్‌మెంట్ సంవత్సరం చివరి వరకు సమయం ఉంది. 2024-25 ఆదాయానికైతే అది 31 మార్చి 2026. ఆ గడువూ దాటితే, ఫారం ఆలస్యమైందని క్రెడిట్ నిరాకరించకూడదన్న ట్రిబ్యునల్ తీర్పులు ఉన్నాయి, కానీ అందుకు అప్పీలుకి వెళ్లాలి.

ఫారం సరిగానే ఉంటే, అసలు దొంగ సాధారణంగా క్యాలెండర్. అక్కడి ఆదాయం, కోసిన పన్ను చూపే అమెరికా 1042-ఎస్ పత్రం జనవరి నుంచి డిసెంబర్ వరకు లెక్క. మన రిటర్నులోని ఎఫ్ఎస్ఐ (విదేశీ ఆదాయం), టీఆర్ (పన్ను రిలీఫ్) షెడ్యూళ్లు ఏప్రిల్ నుంచి మార్చి వరకు. అదే రిటర్నులోని ఎఫ్ఏ (విదేశీ ఆస్తులు) షెడ్యూలు మాత్రం మళ్లీ క్యాలెండర్ సంవత్సరమే అడుగుతుంది. అందుకే చాలామంది 1042-ఎస్ మొత్తాన్ని అన్నిచోట్లా ఎక్కించేస్తారు.

మార్చి, జూన్, సెప్టెంబర్, డిసెంబర్‌లలో 100 డాలర్ల చొప్పున డివిడెండ్ వస్తోందనుకోండి. 2024 పత్రంలో 400 ఆదాయం, 100 పన్ను ఉంటాయి. 2024-25కి కావలసింది జూన్, సెప్టెంబర్, డిసెంబర్ 2024, మార్చి 2025. మొత్తం అప్పుడూ 400, 100 కాబట్టి తప్పు కంటికి కనబడదు. డివిడెండ్ పెరిగిన ఏడాది బయటపడుతుంది: జతచేసిన పత్రంలో ఒక అంకె, ఫారం 67లో ఒకటి, టీఆర్‌లో ఇంకొకటి. విదేశీ పన్ను క్రెడిట్ నియమమైన రూల్ 128 ప్రకారం ఆదాయాన్ని ఇక్కడ ఏ సంవత్సరంలో చూపారో క్రెడిట్ ఆ సంవత్సరానికే.

పరిష్కారం: 1042-ఎస్ పక్కన పెట్టి బ్రోకర్ స్టేట్‌మెంట్ తీయండి. ఒక్కో చెల్లింపుకి ఒక వరస: తేదీ, పూర్తి డివిడెండ్, కోత, మారకపు రేటు. ఆదాయంగా 100 రాయాలి, చేతికొచ్చిన 75 కాదు. రేటు ఎస్‌బీఐ టీటీ బయింగ్ రేటు (బ్యాంకు విదేశీ కరెన్సీ కొనే రేటు), చెల్లింపు నెలకి ముందు నెల ఆఖరి రోజుది. జూన్ 2024 డివిడెండ్‌కి, దాని మీద కోసిన పన్నుకి 31 మే 2024 రేటు. బ్యాంకు డిపాజిట్ వడ్డీకి ఆదాయాన్ని మార్చి 31 రేటుతోనూ, పన్నుని పై పద్ధతిలోనూ మార్చాలి. అందువల్ల శాతం సరిగ్గా కుదరదు, దాన్ని సవరించే ప్రయత్నం చేయకండి. మార్చి 2025 కోతకి 1042-ఎస్ 2026లో గానీ రాదు. అప్పటిదాకా ఆగనక్కర్లేదు: మీరు సంతకం చేసిన స్టేట్‌మెంట్‌తో పాటు కోతకి రుజువు జతచేస్తే నియమం ఒప్పుకుంటుంది.

క్రెడిట్ వచ్చింది కానీ తగ్గిందా? ఆ ఆదాయం మీద ఇక్కడి పన్ను సగటున 18 శాతమైతే 25లో 18కే క్రెడిట్. మిగతా 7 తిరిగి రాదు, వచ్చే ఏడాదికీ పోదు. అది లోపం కాదు. అమెరికాలో 30 శాతం కోశారంటే సాధారణంగా డబ్ల్యూ-8 బెన్ (ఒప్పందం రేటు కోరుతూ బ్రోకర్‌కి ఇచ్చే ఫారం) ఇవ్వలేదని అర్థం. భారత్-అమెరికా పన్ను ఒప్పందం రేటు 25 దాకానే ఇక్కడ లెక్క. పై 5 అమెరికా నుంచే రిఫండ్ అడగాలి.

ఒప్పందం లేని దేశమైతే రిలీఫ్‌ని సెక్షన్ 90కి బదులు సెక్షన్ 91 గడిలో చూపాలి. విదేశంలో వివాదంలో ఉన్న పన్నుకి తేలేదాకా క్రెడిట్ లేదు. ఈ రెండూ అరుదు.

అంకెల తప్పు మీదైతే, గడువు ఉన్నంతలో రివైజ్డ్ రిటర్న్ వేయండి. ఫారం 67, టీఆర్ రెండూ సరిగ్గా ఉండి వాళ్లే వదిలేస్తే సెక్షన్ 154 కింద రెక్టిఫికేషన్ (వాళ్ల తప్పు సరిదిద్దమని) అడగండి. డిమాండ్‌కి పోర్టల్‌లో ‘ఒప్పుకోను’ అని జవాబివ్వడం మాత్రం అదే రోజు చేయండి.