దీపావళికి ముందు పిల్లిని కొత్త ఇంటికి పంపుతున్నారా?

జూలైలో ఒక రాత్రి వానకు తడిసి, ఆగి ఉన్న కారు కింద వణుకుతున్న పిల్లిని ఇంటికి తెచ్చుకున్నాం. మాకు రెండు కుక్కలున్నాయి. నెమ్మదిగా సర్దుకుంటాయని రెండు నెలలు ఓపిక పట్టాం. కానీ పిల్లి పగలంతా బీరువా మీదే ఉండేది. కుక్కలు నిద్రపోయాక దిగి వంటింట్లో నీళ్లు తాగేది. రెండు గుక్కలు తాగడం, చెవులు రిక్కించి గుమ్మం వైపు చూడటం, మళ్లీ రెండు గుక్కలు. అది చూశాక, కుక్కలు లేని ఇల్లు వెతకడమే దానికి చేయగల మేలు అనిపించింది.

చెన్నైలో ఈ పని తలపెట్టినవారు ముందు క్యాలెండర్ చూడండి. దీపావళికి కనీసం నెల ముందే పంపండి, లేదంటే పండగ వెళ్లేదాకా ఆగండి. కొత్త ఇంటి వాసనలే అలవాటు కాని పిల్లికి టపాసుల మోత తోడైతే, తలుపు జానెడు తెరుచుకున్నా పారిపోతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు కదా, ఆ ఇంట్లోకి నీళ్లు వస్తాయేమో కూడా అడగండి. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపానుకు వేళచ్చేరి వైపు కింది అంతస్తులు ఎలా మునిగాయో మరిచిపోలేం.

పంపేదాకా పిల్లికి వేరే గది ఇచ్చి తలుపు వేసి ఉంచండి. మొరిగే కుక్క కన్నా, ఒళ్లు బిగబట్టి కదలకుండా పిల్లినే చూసే కుక్కతో ఎక్కువ ప్రమాదం. భయం పిల్లి ఆరోగ్యాన్ని కూడా దెబ్బతీస్తుంది. మగపిల్లి మాటిమాటికీ మలమూత్రాల కోసం పెట్టిన ట్రేలో కూర్చుంటున్నా మూత్రం రాకపోతే తెల్లవారేదాకా ఆగకండి. మూత్రనాళం మూసుకుపోతే ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం పోవచ్చు. రేబిస్ టీకా, పిల్లుల టీకాలు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ మీరే చేయించి, ఆ కాగితాలు వెంట ఇవ్వండి.

తీసుకునేవారి దగ్గర ఏదీ దాచకండి. కుక్క ఉన్న ఇల్లయితే, వాళ్లు ఎంత మంచివారైనా వద్దనండి. అద్దె ఇల్లయితే యజమాని ఒప్పుకున్నారో లేదో అడగండి. బాల్కనీ మీరే వెళ్లి చూడండి. పావురాల కోసం కట్టిన వలను చేత్తో గట్టిగా లాగి చూడండి. సన్నని నైలాన్ దారాన్ని పిల్లి కొరికేయగలదు. నేను ఏమాత్రం రాజీపడని విషయం ఇదే.

స్కూటరు మీద ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లకండి. గట్టి గడియ ఉన్న క్యారియర్‌లో (పిల్లిని తీసుకెళ్లే పెట్టెలో), అది పడుకునే పాత తువ్వాలు పరిచి తీసుకెళ్లండి. ట్రేలో పోసే ఇసుకలాంటి లిట్టర్‌ను, వాడినదే గుప్పెడు కొత్త ట్రేలో వేస్తే తన చోటు గుర్తుపడుతుంది. మొదటి రెండు వారాలు అక్కడ ఒకే గది చాలు. మంచం కింద నుంచి బయటకు లాగకూడదు. పూర్తిగా ఒక రోజు తిండి ముట్టకపోతే వైద్యుడికి ఫోను చేయాలి. ఒకవేళ తప్పించుకుంటే దూరాలు తిరగడం కన్నా ముందు మెట్ల కింద, ఆగి ఉన్న బండ్ల కింద, వీధి సద్దుమణిగాక టార్చి వేసి వెతకాలి. బెదిరిన పిల్లి ఎక్కువగా దగ్గర్లోనే నక్కి ఉంటుంది.

పిల్లి తన పిల్లలను తిప్పినట్టు దాన్ని ఇల్లిల్లూ తిప్పే పరిస్థితి రాకూడదు. అందుకే అప్పగించేటప్పుడే, కుదరకపోతే ఇంకెవరికీ ఇవ్వకుండా మాకే తిరిగి ఇవ్వమని మాట తీసుకున్నాం. అది ఉన్న గదిని ఇంకా అలాగే ఉంచాం.