ఎవరికీ చూపని కథ: ఫ్యాన్ ఫిక్షన్ మీకోసమే రాసుకోవడం ఎలా

మనకు నచ్చిన కథలోని పాత్రలను తీసుకొని, మూలకథ చెప్పకుండా వదిలేసిన ఘట్టాలను మనమే రాసుకోవడాన్ని ఫ్యాన్ ఫిక్షన్ అంటున్నారు. పేరు కొత్తదే గాని తెలుగువారికి ఈ పని కొత్త కాదు. వ్యాసభారతంలో ఎక్కడా కనిపించని శశిరేఖ మన ఇళ్లలో అభిమన్యుడి భార్యగా స్థిరపడిపోయింది కదా. ఒడిశాలోని పర్లాకిమిడిలోనో, రాయగడలోనో, బరంపురంలోనో ఉంటూ, పాఠకుల ఊసు లేకుండా కేవలం తమ సంతోషం కోసం రాసుకోదలచినవారికి ఈ నాలుగు మాటలు.

కథ మొత్తాన్ని తలకెత్తుకోకండి. చదివేటప్పుడు మీ మనసు ఎక్కడ ఆగి, ముందుకు కదలనని మొండికేసిందో ఆ ఒక్క చోటును పట్టుకుంటే చాలు. గజపతి జిల్లాలోని మహేంద్రగిరినే తీసుకుందాం. బ్రాహ్మణుడినని చెప్పుకొని కర్ణుడు మహేంద్ర పర్వతం మీద పరశురాముని దగ్గర అస్త్రవిద్య నేర్చుకున్నాడనీ, తన ఒడిలో తలపెట్టి నిద్రిస్తున్న గురువు మేలుకొంటాడేమోనని పురుగు తొడను తొలుస్తున్నా కదలలేదనీ, నెత్తురు తగిలి లేచిన గురువు నిజం తెలుసుకొని శపించాడనీ భారతం చెబుతుంది. తూట్లు పడిన తొడతో అతడు ఆ కొండ ఎలా దిగాడు, ఆ రాత్రి ఎవరి అరుగు మీద పడుకున్నాడు అన్నవి మాత్రం మీకోసం మిగిలిపోయాయి.

పాఠకుల కోసం రాసేవారు కర్ణుడెవరో, శాపమేమిటో ముందుగా చెప్పుకురావాలి. మీకు ఆ బాధ్యత లేదు కనుక, “కట్టు ఇప్పకు బాబూ, ఇంకా నెత్తురు కారతంది” అని కొండ దిగువ ముసలమ్మ కసురుకోవడంతోనే మొదలుపెట్టవచ్చు. ఆమె మండియా (రాగి) జావ గిన్నె ముందుకు తోసినప్పుడు, తన కులమేమిటో చెప్పాలా వద్దా అని అతడు తటపటాయించే క్షణం మీద మీకు మనసైతే, రెండు పేజీలైనా దానికే ఇవ్వండి. మర్నాటి ప్రయాణం విసుగనిపిస్తే ఒక గీత గీసి, నచ్చిన తర్వాతి ఘట్టానికి దూకండి. అదే ఘట్టాన్ని ముసలమ్మ వైపు నుంచి మళ్లీ రాయండి. రెండూ పొసగకపోయినా అడిగేవారు లేరు. (నాకైతే ముసలమ్మ రూపమే ఎక్కువ రుచిస్తుంది.)

రాస్తూ రాస్తూ ఎవరికో సంజాయిషీ చెబుతున్నట్టు వాక్యాలు వస్తున్నాయంటే, ఊహలో ఒక పాఠకుడు వచ్చి కూర్చున్నాడన్నమాట. ఆ వాక్యాలను కొట్టేసి పాత్రల మాటలకు తిరిగి వెళ్లండి.

భాష విషయంలో మన ప్రాంతంవారికి ఒక సంకోచం ఉంటుంది. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో ఒడియా చదివినవారికి తెలుగు గుణింతాలు తడబడడం సహజం. అటువంటివారు తెలుగు మాటలను ఒడియా లిపిలోనే రాసుకోవచ్చు, సంభాషణలో ఒడియా దొర్లితే అలాగే ఉంచవచ్చు. వాడుక భాషలోనే రాయాలని పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు ఉపాధ్యాయుడిగా పనిచేసింది పర్లాకిమిడిలోనే. ఆ గడ్డ మీద గ్రాంథికానికి జడిసి కలం దించడం ఏమంత బాగుండదు.

ఇటీవలి నవలలోని పాత్రలను వాడుకోవచ్చునా అని కొందరికి జంకు. 1957 నాటి కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్, వ్యక్తిగత వినియోగానికి రచనను న్యాయమైన మేరకు వాడుకోవడాన్ని ఉల్లంఘనగా లెక్కించదు. బయట పెట్టదలచినప్పుడు అది వేరే ప్రశ్న.

దాచుకోవడానికి రూళ్ల నోటుపుస్తకమే మేలు. ఫోన్‌లో రాసేవారు, ఆ రాతలు దాచే ఖాతా ఇంట్లో ఇంకెవరి ఫోన్‌లోనైనా తెరిచి ఉందేమో ముందే చూసుకోవాలి. పిల్లల ఆటల మధ్య మీ కర్ణుడు బయటపడితే ఇబ్బంది మీకే. ఎవరైనా అడిగితే “కథ రాసుకుంటున్నాను” అంటే సరిపోతుంది, చూపించి తీరాలన్న నియమం లేదు. ప్రతి ఘట్టం కింద తేదీ వేయండి. కొన్ని నెలల తర్వాత చదివినప్పుడు పాత వాక్యాలను దిద్దకుండా, ఇప్పుడు తోచినదాన్ని పక్కన వేరే రంగు సిరాతో చేర్చండి.