లేత్ టూల్ ఎత్తు చూసుకోవడానికి స్టీల్ స్కేలు చాలు
లేత్ (లోహపు ముక్కను తిప్పుతూ కోసే మెషిన్) మీద ఫేసింగ్, అంటే ఆ ముక్క కొసను చదును చేయడం, అయ్యాక మధ్యలో చిన్న బొడిపె మిగులుతోందా? టూల్‌కి సాన పట్టే ముందు దాని మొన ఎత్తు చూడండి. మెషిన్ ఆపేసి, గుండ్రటి జాబ్‌కీ (కోసే ముక్కకీ) టూల్ మొనకీ మధ్య పల్చటి స్టీల్ స్కేలు నిలువుగా పెట్టండి. క్రాస్ స్లైడ్ (టూల్‌ని జాబ్ వైపు జరిపే భాగం) పిడిని మెల్లగా తిప్పి, స్కేలు జారిపోనంత వరకే ఆనించండి. గట్టిగా నొక్కితే కార్బైడ్ (గట్టిదే కానీ పెళుసు పదార్థం) మొన పుటుక్కున విరుగుతుంది. స్కేలు నిటారుగా నిలిస్తే మొన జాబ్ నడిమధ్య ఎత్తుకి సరిపోయినట్టే. పైకొస మీవైపు వాలితే టూల్ కిందికి ఉంది, అడుగున పల్చటి రేకు ముక్క పెట్టి లేపండి. అవతలికి వాలితే ఒక రేకు తీసేయండి. అట్టముక్కలు మాత్రం వద్దు, నలిగిపోతాయి. అన్నట్టు, టూల్ బోల్టులు పూర్తిగా బిగించాకే ఇదంతా చూడాలి. బిగింపుతో ఎత్తు కాస్త మారుతుంది.